మతశాసనమును మనస్సాక్షియు



ఈ వార్షికమహాసభయందు ధర్మవిషయమై కొంచెము ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివిన ముసలి బడిపంతులు గనుక గీతనుండియో స్మృతులనుండియో యొక ప్రకరణమును విప్పి చెప్పునని వారు తలంచియుందురు. మేము కథోలికమతచరిత్రమును గైకొనుట చూచి కొందరికి విస్మయము కలుగవచ్చును. దీనికి కారణము మీ చేతులలోని కార్యక్రమపత్రమునందే యున్నది. రేపటి చర్చకు వచ్చిన తీర్మానములలో నొకటి, సంఘనిర్ణయమునకు విరుద్ధముగ వివాహమాడినవారిని, పితృమతమును విడిచినవారిని సభ్యత్వమునుండి తొలగింపవలెననియు, వారి బిడ్డలకు విద్యార్థివేతనము నిలుపవలెననియు కోరుచున్నది. మన కులమున కథోలికులైన కుటుంబములు కొన్ని కలవు. వారిది నిన్నటి మతము కాదు, తాతముత్తాతలనాటిది. వారి మామిడితోటలును మన తోటలును ఒకే కాలువనీటితో తడియుచున్నవి. కావున ఆజ్ఞకును అంతఃకరణమునకును కలిగెడు వివాదమును వారి చరిత్రమునుండియే తెలిసికొనుట యుచితమని మాకు తోచినది.

తెలుగుసీమలో కథోలికమతము తెల్లదొరల ప్రభుత్వముతో వచ్చినదని సామాన్యముగ చెప్పుకొందురు. అది నిజము కాదు. కుంపిణీవారు మన నేలకు ప్రభువులు కాకమునుపే, పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమున, పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెస్యూటు గురువులు పుంగనూరు, కృష్ణాపురము మొదలగు స్థలములకు వచ్చిరి. దానిని వారు కర్ణాటక మిషను అనిరి. వారు కాషాయము ధరించి, మద్యమాంసములు విడిచి, సన్న్యాసులవలె సంచరించిరి. ఈ పద్ధతికి మార్గదర్శి 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నొబిలి. శిఖ, యజ్ఞోపవీతము, చందనము, స్నానము అనునవి దేశాచారములేగాని విగ్రహారాధనములు కావని అతడు వాదించెను. 1623లో పదునైదవ గ్రెగొరీ పోపు వానికి తాత్కాలికముగ అనుమతి నొసంగెను.

కర్ణాటక మిషను గురువులలో మా బోటి సంస్కృతవిద్యార్థులు గౌరవింపదగినవారు ఇద్దరు. ఒకరు కల్మెత్తుగారు, వేదములకు ప్రతులు వ్రాయించి పారిసునందలి రాజగ్రంథాలయమునకు పంపిన మహనీయుడు. రెండవవారు కోర్దూగారు, 1732లో ఈ దేశమునకు వచ్చి తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చి, సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును విలియం జోన్సు దొరకంటె ముందే పారిసు పండితులకు వ్రాసి తెలిపెను. ఆ పండితులు దానిని చాలకాలము ప్రకటింపకుండిరి. జోన్సుగారికి కీర్తి దక్కెను. ఇది మన విషయము కాదు. అయినను చెప్పక యుండలేకపోతిమి.

ఈ గురువులు చేసినది మన నూజివీటివారికి సులభముగ బోధపడును. టెంకనుండి మొలచిన నాటుమొక్కకు తోటమాలి బంగినపల్లి కొమ్మను అంటుకట్టును. వేరు ఈ నేలది. కాయ ఆ కొమ్మది. తాము చేయునదియు నట్టిదే యని వారి నమ్మకము. అయితే నాటువేరుతోబాటు ఆ మట్టిలోని చీడకూడ వచ్చునా యను సందేహము రోమాపురివారికి కలిగినది. ఆ సందేహమునుండి పుట్టిన కలహము ఆచారవివాదమను పేర ప్రసిద్ధము.

పదునొకండవ క్లెమెంటు పోపుగారి ప్రతినిధిగ చీనాకు పోవుచు తూర్నోనను మతాధికారి 1703 నవంబరులో పుదుచ్చేరియందు దిగెను. అక్కడ జబ్బుపడి, లోపలిసీమకు పోక, కొందరు గురువులను విచారించి, 1704 జూనులో నొక శాసనమును సిద్ధపరచెను. జూలై 8వ తేదీన దానిని ప్రకటించి మూడు దినములలో ఓడ యెక్కి వెడలిపోయెను. తెలుగు క్రైస్తవుని పల్లె యెట్లుండునో ఆయన కన్నులార చూడలేదు.

శాసనములోని విధులను చూడుడు. జ్ఞానస్నానసమయమున ఉమ్మిని తాకించుట, ఊదుట అను క్రియలను మన దేశస్థులు అసహ్యించుకొందురని గురువులు మానియుండిరి, అవి మానరాదు. విగ్రహచిహ్నము గల తాళిని కట్టరాదు. విభూతి ధరింపరాదు. బాలిక రజస్వలయైనప్పుడు ఉత్సవము చేయరాదు. ఇంతవరకు విన్న మీలో పలువురు, పరదేశియొకడు మన యిండ్లలో చేయి పెట్టెనని తలంతురు. ఆ తలంపు కొంతవరకు న్యాయమే. కాని అదే శాసనమున తరువాత నున్నది వినుడు. స్త్రీలను ఋతుకారణమున సంస్కారములకు దూరము చేయరాదు. మాలమాదిగవాడలలో రోగియుండినచో గురువు వాని గుడిసెలోనికే పోయి సంస్కారముల నొసంగవలెను. రోగిని బయటికి మోసికొని రమ్మనరాదు.

ఇక్కడ చిక్కు వచ్చినది. గురువు పేదవాని గుడిసెలో కాలుపెట్టినచో మేము వాని చేతి సత్ప్రసాదమును పుచ్చుకొనమని పైకులముల క్రైస్తవులు పట్టుపట్టిరి. గురువులు రోమాపురికి విన్నపములు పంపిరి. ఆ విన్నపములును ప్రత్యుత్తరములును సముద్రముమీద నలువది యేండ్లు నడచినవి. తుదకు పదునాల్గవ బెనెడిక్టు పోపు 1744 సెప్టెంబరు 12వ తేదీన వివాదమును ముగించుచు శాసనము చేసెను. ప్రతి గురువును దానికి బద్ధుడనని ప్రమాణము చేయవలెను. గురువులు ప్రమాణము చేసిరి. అయితే అందొక రాజీమార్గము మిగిలెను: అంటరానివారికొరకు వేరుగ గురువులను నియమింపవచ్చును. ఆజ్ఞ సగముదూరము నడచి కూలబడినదని మేమందుము.

ఈ నలువది యేండ్ల కథను చదివినవారు సాధారణముగ దీనిని రెండు పక్షముల పోరుగ చెప్పుదురు: ఒకప్రక్క రోమాపురి యధికారము, ఒకప్రక్క దేశమును ప్రేమించిన గురువుల మనస్సాక్షి. మేము మూడవవారిని వెదకుచుంటిమి. వారు ఆనందరంగపిళ్ళగారి దినచర్యలో కనబడిరి.

ఆనందరంగపిళ్ళ పుదుచ్చేరిలో డూప్లే దొరకు దుబాసి. తెలుగువారికి క్రొత్తవాడు కాడు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథమును ఆయన పేరనే రచించెను. ఆయన క్రైస్తవుడు కాడు. కనుకనే ఆ తగవును దూరమునుండి చూచి వ్రాసెను. 1745 అక్టోబరులో వ్రాసిన సంగతి యిది. పుదుచ్చేరి దేవాలయములో అంటరానివారికిని పైకులములవారికిని నడుమ నొక గోడ యుండెను. ఆ గోడకు ఆవల కూర్చున్నవారు పెద్ద గురువునొద్దకు పోయి, మేమును నిజముగ మీ శిష్యులమైనచో ఈ భేద మేలయని యడిగిరి. గురువు వారి మాట న్యాయమని యొప్పుకొనెను. గోడ కూలెను. పైకులములవారు మండిపడిరి.

ఇందు ఆజ్ఞ యెవరిది? మనస్సాక్షి యెవరిది? గోడను కాపాడబూనినవారు తమది తాతలనాటి మర్యాద యనిరి. వారి హృదయమున బాధ కలిగినమాట నిజమే. బాధ కలిగినదంతయు అంతఃకరణమని చెప్పుటకు వీలులేదు. ఆవలివైపు కూర్చున్నవారికి శాస్త్రము రాదు, ధనము లేదు, వారి పేరులుకూడ మనకు దక్కలేదు. అయినను తాము నమ్మిన మతమే తమను గోడచాటున నుంచుట తప్పని వారి లోపలనుండి యొక మాట పలికినది. ఆ మాటను పట్టుకొని వారు అధికారియొద్దకే పోయిరి. అధికారి వినినాడు. అధికారమునకును అంతఃకరణమునకును ఎల్లప్పుడు వైరమే యని వాదించువారు ఈ సంగతిని మరల మరల చదువవలెను.

మేమీ చరిత్రమునుండి గ్రహించిన భేద మొక్కటి. మనస్సాక్షి మాటను వినువాడు ఆ కష్టమును తాను భరించును. ఆచారాభిమానమును మనస్సాక్షి యని పిలుచువాడు ఆ కష్టమును ప్రక్కవానిచే భరింపజేయును. గోడ నిలిచిన నష్టపడువారు ఒకరు, నిలుపుమని కోరువారు వేరొకరు అయినప్పుడు, ఆ కోరికకు అంతఃకరణమని పేరు పెట్టుటకు మాకు నోరాడదు.

ఇక కథోలికమతము సిద్ధాంతమున నేమి చెప్పుచున్నదో కొంచెము చూతము. ఆ మతమున మనస్సాక్షికి చోటు లేదని మనలో పలువురు తలంతురు. పోపుగారు చెప్పినదానికి తలయూపుటయే వారి ధర్మమని పరిహసింతురు. పదుమూడవ శతాబ్దమునందే తోమాస్ అక్వినాస్, పొరబడిన మనస్సాక్షియు మనుష్యుని బంధించునని, అది చెడ్డదని చెప్పినదానిని చేయుట పాపమని నిర్ణయించెను. అయినను 1431లో జోన్ అను రైతుబిడ్డ, తనకు వినవచ్చిన దివ్యవాక్కులను కాదనుమని మతన్యాయస్థానము నిర్బంధింపగా, ఒకతూరి భయపడి ఒప్పుకొని, మరల నిలువబడి, అగ్నికి ఆహుతియయ్యెను. 1456లో అదే మతము ఆ తీర్పును కొట్టివేసెను. 1920లో ఆమెను పునీతురాలని ప్రకటించెను. నాలుగువందల ఎనుబదితొమ్మిది యేండ్లు! మతాధికారము తప్పు దిద్దుకొనునుగాని, నష్టపడినవారు జీవించియుండగా దిద్దుకొనుట యరుదు.

1870లో పోపుగారు విశ్వాసవిషయమున పీఠమునుండి నిర్ణయించి చెప్పినది తప్పుకాదను సిద్ధాంతమును రోమాపురి మహాసభ అంగీకరించెను. కథోలికులు ఇక రాజ్యమునకు విధేయులు కాజాలరని ఇంగ్లండులో కలవరము పుట్టగా, 1875లో జాన్ హెన్రీ న్యూమను ప్రత్యుత్తరము వ్రాసెను. భోజనానంతరమున ఎవరికైన పానీయమెత్తి శుభము కోరవలసివచ్చినచో మొదట మనస్సాక్షికి, పిమ్మట పోపునకు కోరుదునని దాని తాత్పర్యము. అట్లు వ్రాసినవానిని వెలివేయలేదు సరికదా, 1879లో కార్డినలును చేసిరి. 2019లో పునీతుడని ప్రకటించిరి. అయితే ఆయన మనస్సాక్షి యన్నప్పుడు ఇచ్చవచ్చినట్లు నడచుటను ఉద్దేశింపలేదు. తన యిష్టమునకు వ్యతిరేకముగ గూడ పలుకగల స్వరమునకే ఆయన ఆ పేరు నిచ్చెను. 1965 డిసెంబరు 7వ తేదీన రెండవ వాటికన్ మహాసభ, మతవిషయమున ఎవనిని గాని అంతఃకరణమునకు విరుద్ధముగ నిర్బంధింపరాదని ప్రకటించినది.

మన శాస్త్రములు ఈ మాట నెరుగవా? ఎరుగును. మనువు ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము చెప్పి, నాల్గవదానిగ తన యాత్మకు ప్రియమైనదానిని చెప్పెను. వ్యాఖ్యాతలకు ఈ నాల్గవది భయము పుట్టించినది. కొందరు దానిని శాస్త్రము రెండుదారులు విడిచిన వైకల్పికవిషయములకు కుదించిరి, మరికొందరు వేదవిదులైన సాధువుల తృప్తికే పరిమితము చేసిరి. కాళిదాసుని దుష్యంతుడు శకుంతలను చూచి, సందేహము కలిగినచోట సత్పురుషుని హృదయమే ప్రమాణమని ధైర్యము తెచ్చుకొనెను. ఆ రాజే అయిదవ యంకమున గర్భవతియైన ఆమెను ఎరుగనని పంపివేసెను. శాపము కారణమని కవి యతని రక్షించినాడు. మనకు అట్టి కవి దొరకడు గనుక మన హృదయప్రమాణమును మనమే పరీక్షించుకొనవలెను.

విభీషణుని మాటయు చెప్పవలసియున్నది. అతనిని శరణాగతులలో శ్రేష్ఠుడని పూజింతుము. ఆ పూజ ముగించి యింటికి వచ్చి, ఇంటిగుట్టు లంకకు చేటని సామెత చెప్పుదుము. కులమును కాదని న్యాయముప్రక్క నిలిచినవానిని రామాయణమున ఒకతీరుగను, మన వీధిలో వేరొకతీరుగను చూచుట మనకు అలవాటైపోయినది.

వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ప్రథమ వితంతువివాహమును జరిపించినప్పుడు మన పెద్దలు ప్రయోగించిన యాయుధమేమి? వెలి. పెండ్లికి పోయినవారికి బంధువుల పొత్తు తప్పెను. కొందరు వెనుకకు తగ్గిరి. పంతులుగారును రాజ్యలక్ష్మమ్మగారును తగ్గలేదు. రోమాపురినుండి వచ్చు ఆజ్ఞను గూర్చి నవ్వు మనము, ఆ దినమున ఇంతకంటె మెత్తని ఆజ్ఞను ప్రయోగించితిమా?

కథోలికసంఘమున అన్నియు చక్కబడినవని మేము చెప్పుట లేదు. 1745లో కూలినది ఒక గోడయే. ఆ గోడలు సమాధులచోటులలోను, పెండ్లిసంబంధములలోను పిమ్మటను నిలిచినవి. మన కథోలిక బంధువులును పిల్లలకు సంబంధము వెదకునప్పుడు జ్ఞానస్నానపత్రముకంటె ముందు కులమును విచారించుట మన మెరిగినదే. 2016 డిసెంబరున భారత మేత్రాణుల సంఘము తమ సంఘమున దళితులయెడ భేదము నడచుచున్నదని యొప్పుకొని, దానిని తొలగించుటకు ఒక విధానపత్రమును ప్రకటించినది. 2022 ఆగస్టు 27వ తేదీన హైదరాబాదు అగ్రపీఠాధిపతి, కర్నూలు జిల్లాలో పుట్టిన పూల అంతోని గారు కార్డినలు అయిరి. దళితులలో ఆ పదవి నందిన ప్రథములు వారే, తెలుగువారిలోను ప్రథములే. తూర్నోను శాసనమునుండి లెక్కించిన మూడువందల పదునెనిమిది యేండ్లు.

ఆచారములమాట యేమైనదని మీరడుగవచ్చును. 1940లో రోమాపురి ఆ ప్రమాణమును తీసివేసినది. 1969లో పూజయందు హారతి, పుష్పములు, నేలమీద కూర్చుండుట మొదలగు పండ్రెండు అంశములను అనుమతించినది. మామిడి పూతమీద నుండు దినములలో, ఫిబ్రవరి నెలలో, మనవారనేకులు బెజవాడ గుణదల కొండకు పోవుదురు. 1924లో ఆర్లాటి గురువులు మరియమాత ప్రతిమను నెలకొల్పిన చోటది. అక్కడ కొబ్బరికాయలు కొట్టువారును తలనీలాలిచ్చువారును కలరు, హిందువులును కలరు. 1704లో ఏ యాచారములకై నలువది యేండ్లు సముద్రము దాటి యుత్తరములు నడచెనో, అట్టివి నేడు మేత్రాణుల కన్నులయెదుటనే నడచుచున్నవి. లోకము తలక్రిందులు కాలేదు. నాడు ఆచారములు పోవునని దుఃఖించితిమి; అవి మిగిలినవి. పోవలసిన గోడలే చాలకాలము పోలేదు.

ఇందొక చిన్నమాట చేర్చుదుము. రాజ్యముకూడ మనస్సాక్షిని చిక్కుపెట్టగలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే యుంచినది, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆదివారమున దేవాలయమున ఒక మతము చెప్పి, సోమవారమున మండలకార్యాలయమున వేరొకటి వ్రాయించుకొను పేదవానిని కపటియని నిందించుట మిక్కిలి తేలిక. అతని బిడ్డ చదువు ఆ కాగితముమీద నున్నది. ఆ కాగితముతో పనిలేనివారు ఆ నిందకు తొందరపడకుందురు గాక.

ఇక రేపటి తీర్మానము. దానిని తెచ్చినవారు దురుద్దేశులని మేమనము. కులము చెదరిపోవుచున్నదని, పిల్లలు పెద్దల మాట వినరని, తోటలు అమ్మి పట్టణములకు పోవుచున్నారని వారి బాధ. అది మా బాధయు. సంఘమునకు నియమములు అక్కరలేదని చెప్పుటకు మేము సిద్ధముగ లేము. నియమములేని సంఘమునకు వసతిగృహముండదు, విద్యార్థివేతనముండదు, ఈ సభయు నుండదు. చందా కట్టనివానిని తొలగింపుడు. సంఘధనమును అపహరించినవానిని శిక్షింపుడు. అది అధికారముచేయు పని. ఎవరిని పెండ్లాడవలెనో, ఏ దేవునికి మ్రొక్కవలెనో నిర్ణయించుట సంఘముచేయు పని కాదని మా యభిప్రాయము.

ఆ తీర్మానముచే కష్టపడువా రెవ్వరో ఆలోచింపుడు. వివాహమాడినవారు పట్టణములలో ఉద్యోగములు చేసికొందురు. వారికి మన సభ్యత్వము పోయిన అన్నము తక్కువకాదు. విద్యార్థివేతనము నిలిచినచో పదవతరగతి చదువుచున్న బిడ్డకు చదువు పోవును. ఆ బిడ్డ యెవరిని ధిక్కరించినది? కథోలికులైన మన కుటుంబములను తొలగించినచో, రెండువందల యేండ్లకు పైగా తమ పూర్వులు కాపాడిన విశ్వాసమును వారు నేడు విడువరు. కర్నూలు కడపసీమలనుండి కరవులకును దండయాత్రలకును తాళలేక గుంటూరుసీమకు వలస వచ్చినప్పుడును, 1773లో జెస్యూటుసభ రద్దై గురువులు కొరవడినప్పుడును విడువనివారు, మన తీర్మానపుకాగితము చూచి విడుతురా? మనము పోగొట్టుకొనునది వారినే.

కావున మా కోరికలు రెండు. విద్యార్థివేతనమునకు సంబంధించిన భాగమును చర్చకు ముందే యుపసంహరింపుడని తెచ్చినవారిని ప్రార్థించుచున్నాము. మిగిలినదానిపై వోటు తీసికొనుటకు పూర్వము, దానిచే తొలగింపబడువారిని ఇద్దరు ముగ్గురినైన సభకు పిలిచి, ఈ వేదికమీదనే కూర్చుండబెట్టి, వారి మాట వినుడు. తూర్నోనుగారికి జబ్బుచేసి లోపలిసీమకు పోలేకపోయిరి. మనకు అట్టి యడ్డంకి యేదియు లేదు. వారి యిండ్లు ఈ పందిరికి మూడుమైళ్ళ లోపలనే యున్నవి, రేపటి యుదయపు సమావేశము తొమ్మిది గంటలకు గదా.